తల పక్కన బొమ్మ, బొమ్మ వెనుక మాట: నావట్ల్ పత్రాల్లో పేర్లు చదవడం

1560లో మెక్సికోలోని వెషోట్సింకో అనే ఊళ్లో, దాని పరిసర పల్లెల్లో పన్ను కట్టాల్సిన వాళ్లను లెక్కకట్టి ఒక పెద్ద దస్తరం తయారుచేశారు. ఇప్పుడది పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. పుట తెరిస్తే కనబడేవి తలలు. వరుసలు వరుసలుగా, ఒకే అచ్చులో పోసినట్టు, పక్క నుంచి గీసిన మగవాళ్ల తలలు. ఎవరి పోలిక ఏమిటో చెప్పే ప్రయత్నమే చిత్రకారుడు చేయలేదు. మనిషికీ మనిషికీ తేడా చూపేది తల దగ్గర గీసిన చిన్న బొమ్మ. ఒకరి దగ్గర పాము, ఒకరి దగ్గర డాలు, మరొకరి దగ్గర పిట్ట. ఆ బొమ్మే అతని పేరు. దాన్ని ఆనుకుని స్పానిష్ లిపిలో ఒక చిన్న రాత, అందులో క్రైస్తవ పేరూ, దాని వెంట అక్కడివాళ్ల సొంత భాష నావట్ల్‌లో పేరూ ఉంటాయి.

ఆ సంవత్సరమే జూలై 30న వెషోట్సింకో పెద్దలు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు నావట్ల్‌లో ఒక లేఖ రాశారు. 14,800 పెసోలూ, అన్నే ఫనేగాల (ఫనేగా ఒక ధాన్యపు కొలత) మొక్కజొన్నా కట్టమంటున్నారు, మోయలేకపోతున్నాం అని మొరపెట్టుకున్నారు. ఆ లేఖ రాసినవాళ్లు ప్రముఖులు. ఆ భారం నిజంగా మోసినవాళ్లు మాత్రం దస్తరంలోని తలల వరుసలో ఉన్నారు. చరిత్రలో వాళ్ల జాడ చాలామందికి ఈ ఒక్క బొమ్మతోనే మొదలై దీనితోనే ముగుస్తుంది. కాబట్టి ఆ బొమ్మను సరిగ్గా చదవడం, తప్పుగా చదవడం మధ్య తేడా చిన్నది కాదు.

చదవడం అన్న మాట ఇక్కడ తెలిసే వాడుతున్నది. ఈ బొమ్మలను చూసి అర్థం ఊహించడం ఒక పని, చదవడం వేరే పని. నావట్ల్‌లో రాసేవాణ్ణీ గీసేవాణ్ణీ ఒకే పేరుతో, ట్లాక్విలో అని పిలిచేవారు. రాయడానికీ చిత్రించడానికీ క్రియ ఒకటే. తెలుగు పాఠకులకు ఇది వింతగా ఉండనక్కర్లేదు. పాత తెలుగులో చిత్తరువును కూడా ‘వ్రాసేవారు’. అయితే తెలుగులో రెండు పనులూ ఒకే మాట కింద ఉన్నా చేతులు వేరు. మెక్సికోలో చెయ్యి కూడా ఒకటే. అంజీర జాతి చెట్ల బెరడుతో చేసిన ఆమాట్ల్ కాగితం మీద ట్లాక్విలో గీసిన పాము కొన్నిసార్లు పాము, కొన్నిసార్లు పాము అనే ‘మాట’. ఆ రెండింటినీ విడదీయడంలోనే చిక్కంతా ఉంది.

బొమ్మ మాటగా మారే తీరు తెలుగులో ప్రయత్నిస్తే సులువుగా బోధపడుతుంది. ఒక కాకి బొమ్మ గీసి, దాని కింద గుర్రపు నాడా గీశారనుకుందాం. తెలుగు తెలిసినవాళ్లు రెండు బొమ్మల పేర్లూ వెంటవెంటనే పైకి అంటే కాకినాడ వినబడుతుంది. ఆ ఊరికీ గుర్రపు నాడాకూ ఏ సంబంధమూ లేదు. తెలుగు రానివాడు ఎంత తెలివైనవాడైనా ఆ పుటలో కాకి గురించీ గుర్రం గురించీ ఏదో పురాణకథ వెతుకుతాడు. నావట్ల్ నామచిహ్నాల మీద చాలాకాలం జరిగింది అచ్చంగా ఇదే. బొమ్మలో వేట కనబడితే వేటగాడనీ, నీళ్లు కనబడితే వరుణుడి భక్తుడనీ ఊహించే వ్యాఖ్యానం భాషను పక్కన పెట్టి నడుస్తుంది, అందుకే దారి తప్పుతుంది.

1849లో ఫ్రెంచి పండితుడు ఓబాఁ ఈ విషయాన్ని ఒక పేరుతో తేల్చి చూపించాడు. 1427 నుంచి 1440 దాకా అజ్టెక్ రాజధాని టెనోచ్టిట్లాన్‌ను ఏలిన రాజు పేరు ఇట్స్‌కోఆట్ల్. నావట్ల్‌లో ‘ఇట్స్‌ట్లి’ అంటే కత్తులకు వాడే అగ్నిపర్వతపు నల్లగాజు రాయి, ‘కోఆట్ల్’ అంటే పాము. మెండోసా కోడెక్స్ (కోడెక్స్ అంటే ఇలాంటి పాత చేతిరాత బొమ్మల పుస్తకం)లో ఈ పేరుకు వీపు మీద నల్లగాజు మొనలున్న పామును గీశారు. బొమ్మకూ అర్థానికీ అక్కడ పొత్తు కుదిరింది. టెస్కోకో ప్రాంతపు టెపెట్లావోస్టోక్‌లో తయారైన వెర్గారా కోడెక్స్‌లో ఇదే పేరున్న ఒక సామాన్యుడి దగ్గర పామే లేదు. నల్లగాజు మొనలు, ఒక కుండ, నీళ్లు ఉన్నాయి. కుండ ‘కోమిట్ల్’, నీళ్లు ‘ఆట్ల్’. మొదటి ధ్వనులను కలిపితే ఇట్స్, కో, ఆ. పాము మాయమైంది, పాము అనే మాట మాత్రం వినబడుతోంది. ఈ ఒక్క ఉదాహరణను మనసు పెట్టి చూసినవాళ్లు ఆ తర్వాత ఏ నామచిహ్నాన్నీ వట్టి బొమ్మగా చూడలేరు.

ఊళ్ల పేర్లలో ఈ పద్ధతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. మనుషుల పేర్లు చదవాలనుకునేవాళ్లు ముందు వాటితో చెవిని సాధన చేసుకోవడం మంచిది. ‘ట్లంట్లి’ అంటే నోట్లోని పన్ను, దంతం. ‘-ట్లాన్’ అంటే ఫలానా చోట అని చెప్పే ప్రత్యయం. అందుకే క్వావ్‌టిట్లాన్ అనే ఊరికి చెట్టు గీసి దాని మానులో పళ్లు పెట్టారు. చిన్న ఊరు, ముద్దుల ఊరు అన్న భావమిచ్చే ‘-ట్సింకో’ కోసం మనిషి నడుము కింది భాగాన్ని గీస్తారు, ఎందుకంటే ‘ట్సింట్లి’ అంటే పిరుదులు. టోల్లాన్‌ట్సింకోకు రెల్లు దుబ్బు, దాని కింద ఆ శరీరభాగం. ఇప్పుడు కుయెర్నవాకా అని పిలిచే పట్నం అసలు పేరు క్వావ్‌నావాక్, చెట్ల చెంత అని అర్థం. ‘చెంత’ను గీయడం ఎలా? చెట్టుకు నోరు పెట్టి, ఆ నోటి నుంచి మాటకు గుర్తయిన మెలిక చుట్టను తీశారు. స్పష్టమైన పలుకును ‘నావట్ల్’ అంటారు గనుక ‘నావ’ వినబడింది, పని జరిగింది. అక్కడ మాట్లాడే చెట్టు కథేమీ లేదు. స్పానిష్ వాళ్ల చెవికి అదే పేరు ఆవు కొమ్ముగా, కుయెర్నవాకాగా వినబడింది. అక్కడా ఆవు కథేమీ లేదు.

పద్ధతి తెలిశాక కూడా పని తేలిక కాదు. నావట్ల్ నామవాచకాలకు చివర ‘-ట్ల్’, ‘-ట్లి’, ‘-ఇన్’ లాంటి తోకలు ఉంటాయి. సమాసంలో అవి రాలిపోతాయి. కాబట్టి బొమ్మ ఇచ్చేది పూర్తి మాట కాదు, దాని మొదలు. రాయి ‘టెట్ల్’ నుంచి టె, నాగజెముడు పండు ‘నోచ్‌ట్లి’ నుంచి నోచ్, ఇల్లు ‘కల్లి’ నుంచి కల్. ఈ ముక్కలను ఏ వరుసలో కలపాలో బొమ్మ చెప్పదు. టెనోచ్టిట్లాన్ చిహ్నంలో రాయి కింద, నాగజెముడు పైన ఉంటాయి, కింది నుంచి పైకి చదవాలి. చపుల్టెపెక్ చిహ్నంలో మిడత పైన, కొండ కింద ఉంటాయి, అది పైనుంచి కిందికి. లిపి ఒకటే, దిక్కులు రెండు. ఎడమ నుంచి కుడికి అన్న నియమం అలవాటైనవాళ్లకు ఇది గజిబిజిగా తోస్తుంది కానీ ట్లాక్విలోకు పుట మీద అందంగా, నిజంగా ఎలా ఇముడుతుందన్నది ముఖ్యం. మిడత కొండ మీద వాలుతుంది, కొండ మిడత మీద వాలదు. వరుస చదివేవాడి నోట్లో ఉంటుంది, ఎందుకంటే అతనికి ఆ భాష వచ్చు, చాలాసార్లు ఆ ఊరూ తెలుసు.

ఒకే బొమ్మకు పలు పాత్రలు ఉండటం ఇంకో చిక్కు. జెండాను తీసుకుందాం. కప్పం లెక్కల్లో ఏ వస్తువు మీదైనా జెండా గుచ్చితే దాని అర్థం 20. అలాగే వెంట్రుకల కుచ్చులాంటి గుర్తు 400, ధూపపు సంచి 8,000. ఊరి పేరులో అదే జెండా ‘పాంట్లి’ అనే తన పేరుతో ‘-పన్’ అనే స్థలవాచక ప్రత్యయానికి నిలబడుతుంది. మనిషి పేరులో జెండా జెండానే కావచ్చు. పాదముద్రలూ అంతే. అవి దారి కావచ్చు, నడక కావచ్చు, దిగడం కావచ్చు. టెనోచ్టిట్లాన్ చివరి రాజు క్వావ్‌టెమోక్ పేరుకు డేగలా దిగివచ్చాడని అర్థం. అక్కడ తల కిందికి పెట్టిన డేగను గీయడమో, పాదముద్రలతో దిగడాన్ని సూచించడమో చేస్తారు. 1565 నాటి ఒసునా కోడెక్స్‌లో మాత్రం టెఒకల్టిట్లాన్ అనే చోటుకు పెదవులు, పాదముద్రల దారి, ఇల్లు, పళ్లు గీశారు. పెదవి ‘టేంట్లి’ నుంచి టె, దారి ‘ఒట్లి’ నుంచి ఒ, తర్వాత కల్, చివర ట్లాన్. ఇక్కడ పాదముద్రలు ఎవరినీ నడిపించడం లేదు, ఒక అచ్చును పలికిస్తున్నాయి.

రాయాల్సిందంతా ట్లాక్విలో రాయడు కూడా. మొక్టెజుమా అని లోకం పిలిచే రాజు పేరు నావట్ల్‌లో మోటెక్‌సోమా, ప్రభువులా కనుబొమలు ముడిచేవాడు అని చెప్పుకోవచ్చు. చాలా చోట్ల ఆ పేరుకు గీసింది ఫిరోజా రాళ్ల కిరీటం ఒక్కటే. అది ప్రభువుకు గుర్తు, అంటే పేరులో మధ్య ముక్క. మిగతాది చదువరి పూరించుకోవాలి. మరో రాజు ఆషాయకట్ల్ పేరుకు నీళ్లు కారుతున్న ముఖం గీస్తారు, నీళ్లు ‘ఆ’, ముఖం ‘షాయకట్ల్’. దీన్ని చూసి ‘నీటిముఖం’ అని అనువదించి తృప్తిపడితే ఒక సంగతి జారిపోతుంది. మెక్సికో లోయ చెరువుల్లో ఉండే ఒక నీటిపురుగు పేరు కూడా ఆషాయకట్లే, దాని గుడ్లను అక్కడివాళ్లు తినేవారు. బొమ్మ ముఖాన్ని చూపిస్తోంది, మాట పురుగును కూడా పిలుస్తోంది. పేరు పలికించేంత వరకే బొమ్మకు పూచీ. ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పే పూచీ దానికి లేదు.

ఇంత చిక్కు దేనికి, పక్కనే అక్షరాల్లో రాసి ఉంది కదా అని అడగవచ్చు. నిజమే, ఆ పక్కరాతలు లేకపోతే ఈ లిపి గురించి ఇప్పుడు తెలిసినదాంట్లో సగం కూడా తెలిసేది కాదు. కానీ పక్కరాత సాక్షి మాత్రమే, తీర్పు కాదు. బొమ్మ గీసిన చెయ్యి, అక్షరం రాసిన చెయ్యి చాలాసార్లు వేరు. మెండోసా కోడెక్స్ చివర వ్యాఖ్యాత స్వయంగా ఒక మాట రాసుకున్నాడు. స్పెయిన్‌కు ఓడలు బయలుదేరడానికి పది రోజుల ముందు మాత్రమే బొమ్మలు తన చేతికి వచ్చాయనీ, తొందరలో రాయాల్సి వచ్చిందనీ అతని విన్నపం. అంత నిజాయితీగా చెప్పుకోని రాతగాళ్లు ఎందరున్నారో.

పైగా ఆ అక్షరాలు స్పానిష్‌వి. నావట్ల్‌లోని ‘వ’ ధ్వనిని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకొకలా రాశారు. ‘ఒ’, ‘ఉ’ అక్కడ వేర్వేరు అచ్చులు కావు గనుక ఒకే పేరు రెండు రకాల వర్ణక్రమంతో కనబడుతుంది. అన్నిటికన్నా పెద్ద లోటు, హ్రస్వదీర్ఘాల తేడా రాతలో లేకపోవడం. తెలుగు చదువరికి ఇందులోని నష్టం వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే మన లిపిలో ఎ వేరు, ఏ వేరు, ఒ వేరు, ఓ వేరు. నావట్ల్‌లో ‘మెట్స్‌ట్లి’ అంటే తొడ, ‘మేట్స్‌ట్లి’ అంటే చంద్రుడు. ‘టొకా’ అంటే వెంబడించడం, ‘టోకా’ అంటే పాతిపెట్టడం. తెలుగులో రాస్తే కంటికి ఆనే ఈ తేడా 1560 నాటి స్పానిష్ రాతలో కలిసిపోతుంది. ఇలాంటి చోట బొమ్మే అక్షరాన్ని సరిదిద్దుతుంది. పక్కన కాలు గీసి ఉంటే చంద్రుణ్ణి పిలవనక్కర్లేదు. అయితే ధ్వని కోసం కాలునే గీసి చంద్రుణ్ణి ఉద్దేశించే వీలూ ఉందని మరిచిపోకూడదు. హ్రస్వదీర్ఘాలను శ్రద్ధగా గుర్తించిన నావట్ల్ వ్యాకరణం 1645లో జెస్యూట్ సన్యాసి కారోచీ చేతుల మీదుగా వచ్చింది. ఫ్రాన్సిస్కన్ సన్యాసి మొలీనా నావట్ల్ నిఘంటువు అంతకుముందే 1555లో, విస్తరించి 1571లో అచ్చయింది. ఒకటి పదాల రాశిని ఇస్తే, ఇంకొకటి వాటి పలుకును ఇచ్చింది. రెండూ పక్కన లేకుండా ఈ పేర్ల జోలికి వెళ్లడం సాహసమే.

మనుషుల పేర్ల దగ్గరికొస్తే పేరు ఎలా పెట్టేవారో తెలియాలి. 13 అంకెలూ 20 రోజు గుర్తులూ కలిసి తిరిగే 260 రోజుల పంచాంగం వాళ్లకు ఉండేది. పుట్టిన రోజు పేరే బిడ్డ పేరు కావడం మామూలు. పాము, కుందేలు, జింక, కుక్క, పువ్వు, గాలి, వాన, ఇవన్నీ రోజు గుర్తులే. దస్తరంలో చాలాసార్లు అంకె వదిలేసి గుర్తు ఒక్కటే మిగుల్తుంది. కాబట్టి కోఆట్ల్ అనే రైతుకు పాముతో ఏ పనీ ఉండకపోవచ్చు. అతను పాము రోజున పుట్టినవాడై ఉండవచ్చు, అంతే. మగవాళ్లలో కనబడే ఇంకో పేరు యాఓట్ల్, శత్రువు అని అర్థం, డాలూ ఆయుధమూ గీసి రాస్తారు. ఆ బొమ్మ చూసి అతణ్ణి యోధుడిగా లెక్కవేస్తే, పన్ను కట్టే ఒక పల్లెటూరి మనిషికి లేని యుద్ధాన్ని అంటగట్టినట్టవుతుంది. టెస్కట్లిపోకా దేవుడి పేర్లలోనూ యాఓట్ల్ ఒకటి. వెంకన్న అని పేరున్నవాళ్లంతా తిరుమలలో ఉండరు.

ఆడవాళ్ల పేర్లు ఇంకా సాదాగా ఉంటాయి. టెయకపన్ అంటే తొలిచూలు, ట్లాకో అంటే నడిమిది, టెయ్క్ అంటే చెల్లెలు, షోకో అంటే కడగొట్టుది. తెలుగు పల్లెల్లో పెద్దమ్మి, నడిపమ్మి, చిన్నమ్మి అని పిలిచినట్టే. ఇలాంటి పేర్లు ఒక జనాభా లెక్కలో మళ్లీ మళ్లీ వస్తాయి, గొప్ప కథలేవీ వాటిలో దొరకవు. అందుకే వీటి మీద వ్యాఖ్యానాలూ తక్కువ. కానీ వెషోట్సింకో, టెపెట్లావోస్టోక్ లాంటి చోట్ల ఇళ్లలో ఎవరు ఎవరిని ఏమని పిలిచారో వినాలంటే వినాల్సింది ఈ పేర్లనే. పెంటయ్య అన్న పేరులో పెంటకుప్ప కన్నా ముందు, అంతకుముందు పుట్టిన బిడ్డలను పోగొట్టుకున్న తల్లి భయం ఉంటుందని తెలిసిన తెలుగువాళ్లకు, పేరు అర్థాన్ని నిఘంటువులో వెతికి సరిపెట్టుకోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

స్పానిష్ పేర్లు వచ్చి పడ్డాక ట్లాక్విలో ఏం చేశాడన్నది ఈ లిపి బతికున్న లిపి అనడానికి గట్టి రుజువు. నావట్ల్‌లో ‘ర’ లేదు, దాని చోట ‘ల’ పలుకుతారు. మెక్సికోను ఆక్రమించిన స్పానిష్ సేనల నాయకుడు కోర్టెస్‌కు దుబాసీగా ఉన్న స్త్రీ క్రైస్తవ పేరు మరీనా ఆ నోట మలీనా అయి, గౌరవ ప్రత్యయం చేరి మలింట్సిన్ అయింది. కోర్టెస్ కింది సేనాని పేద్రో దె అల్వరాదోను స్థానికులు టోనటియు, అంటే సూర్యుడు అని పిలిచారు. 1541లో అతని మరణాన్ని చూపే టెల్లెరియానో-రెమెన్సిస్ కోడెక్స్ పుటలో అతని దగ్గర సూర్యుడి బొమ్మ ఉంది. అది మారుపేరును రాసిన పద్ధతి. స్పెయిన్ రాజప్రతినిధి మెండోసాకు మాత్రం ధ్వనినే పట్టుకున్నారు. కిత్తనార జాతి మొక్క ‘మెట్ల్’, బొరియలు తవ్వే ఎలుకలాంటి జంతువు ‘టొసన్’, కలిపితే మె-టొసా. పాటర్ నోస్టర్ అనే లాటిన్ ప్రార్థనను గుర్తుపెట్టుకోవడానికి పాటర్‌కు జెండా పాంట్లినీ, నోస్టర్‌కు నాగజెముడు పండు నోచ్‌ట్లినీ వాడారని ఫ్రాన్సిస్కన్ సన్యాసి మెందియెతా రాసిపెట్టాడు. పరాయి శబ్దం చెవిన పడితే దాన్ని తమ తోటలోని మొక్కతో, పండుతో పట్టుకున్నారు.

ఇక్కడే ఒక వాదం ఉంది. ధ్వనిని ముక్కలుగా రాసే ఈ నేర్పు స్పానిష్ అక్షరాలు చూశాక వచ్చిందా, ముందే ఉందా? అక్షరాల ప్రభావమే కారణమని చాలామంది చాలాకాలం అనుకున్నారు. లిపి పరిశోధకుడు అల్ఫోన్సో లకదేనా 2008లో దీన్ని తిరగదోడాడు. మెండోసా కోడెక్స్, వెర్గారా కోడెక్స్ దాదాపు ఒకే కాలానివి, రెండూ స్పానిష్ పాలన కిందే తయారయ్యాయి. అయినా టెనోచ్టిట్లాన్ వాళ్ల చేతిలో ధ్వని చిహ్నాలు పొదుపుగా, టెస్కోకో ప్రాంతం వాళ్ల చేతిలో ధారాళంగా కనబడతాయి. కాబట్టి ఇది ప్రాంతాల రాతబడుల తేడా అని అతని వాదన. ధ్వని చిహ్నాలు ఎన్ని, వాటిని ఎలా లెక్కించాలి అన్న దగ్గర గోర్డన్ విటకర్ లాంటి పరిశోధకులతో భేదాలున్నాయి, అవి ఇంకా తెగలేదు. స్పానిష్ ఆక్రమణకు ముందటి నావా (నావట్ల్ మాట్లాడేవాళ్ల) పుస్తకాలు దాదాపు మిగలకపోవడం వల్ల తేల్చడం కష్టం. కానీ 1481 నుంచి 1486 దాకా ఏలిన టిసోక్ పేర చెక్కిన గుండ్రటి రాయి మీద, పట్టుబడ్డ బందీల పక్కన ఊళ్ల పేర్ల చిహ్నాలు ఉన్నాయి. పేరును బొమ్మలో బిగించే అలవాటు స్పానిష్ ఓడలకన్నా పాతదని చెప్పడానికి ఆ రాయి చాలు. లకదేనా చెప్పిన ప్రాంతీయ భేదం ఇప్పటికి ఉన్న వివరణల్లో బలమైనది. పరాయి అక్షరం లేకపోతే ధ్వని ఊహే రాదన్నట్టు మాట్లాడటం ఆ రాతగాళ్ల తెలివిని తక్కువచేయడమే.

తెలియని నామచిహ్నం ఎదురైనప్పుడు పని సాగే తీరు ఇలా ఉంటుంది. ముందు పక్కరాతను మూసి బొమ్మలోని భాగాలను లెక్కపెట్టాలి, రంగులతో సహా. రంగు కూడా పేరులో ఒక మాట కావచ్చు, నలుపు తెలుపు నకళ్లలో అది పోతుంది. తర్వాత అదే దస్తరంలో, అదే పల్లె పుటల్లో అదే బొమ్మ ఇంకెక్కడుందో, అక్కడ ఏమని చదివారో చూడాలి. ఒక ట్లాక్విలో చేతివాటం ఇంకొకరి చేతివాటంలా ఉండదు. ఆ తర్వాతే పక్కరాత తెరిచి, బొమ్మా అక్షరమూ ఒప్పుకుంటున్నాయో లేదో చూడాలి. ఒప్పుకోకపోతే అదే విలువైన చోటు. అక్షరం రాసినవాడు వేరే పేరు విన్నాడా, బొమ్మ పేరులో ఒక ముక్కనే చూపిందా, లేక రెండూ సరైనవై, చదివేవాడికి నావట్ల్ చాలలేదా అన్నది అప్పుడు బయటపడుతుంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయం ఈ చిహ్నాలను కోసి, ఒక్కొక్కదానికీ పలుకూ అర్థమూ జోడించి ఆన్‌లైన్‌లో చిత్రనిఘంటువుగా పెట్టడంతో, వేర్వేరు దేశాల గ్రంథాలయాల్లో చెదిరిన పుటలను పోల్చడం ఇంట్లో కూర్చుని చేయగల పనైంది.

నావట్ల్ మాట్లాడేవాళ్లు మెక్సికోలో ఇప్పటికీ పదిహేను లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ల ఊళ్లలో నీళ్లనూ రాయినీ ఇంటినీ పిలిచే మాటలు 1560లో బొమ్మల నుంచి వినబడిన మాటలకు దగ్గరగానే ఉన్నాయి. ఏ పిట్ట, ఏ మొక్క అన్న సందేహానికి జవాబు చాలాసార్లు నిఘంటువులో కన్నా వాళ్ల పొలంలో దొరుకుతుంది. అయినా కొన్ని తలల దగ్గర పిట్ట పిట్టగానే మిగులుతుంది. ముక్కు పొడవుగా లేదు కనుక హమ్మింగ్ బర్డ్ కాదు, గోళ్లు లేవు కనుక డేగ కాదు, పక్కరాత చెదిరిపోయింది. అప్పుడు వట్టి పిట్టకున్న మాట ‘టోటోట్ల్’ రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి తలకు వెళ్లాలి.